రాయే కదా అనుకున్నాను

"శిలలు మూడు రకములు. అవి ఒకటి, అగ్నిశిలలు. రెండు, అవక్షేప శిలలు. మూడు, రూపాంతర శిలలు..."

వంటింటి గుమ్మానికి వీపు ఆన్చి, కళ్ళు మూసుకుని, మా అమ్మాయి అష్టోత్తరం చదివినట్టు చదివేస్తోంది. ఏడో తరగతి. మర్నాడు పరీక్ష. నేను రోట్లో దోసకాయ పచ్చడి నూరుతున్నాను. మిక్సీ ఉన్నా రోటిపచ్చడి రుచే వేరని మా అత్తగారి పట్టు. ఆ మాట నిజమేనని నాకూ తెలుసు కాబట్టి వాదించను. ఎందుకు తోచిందో గాని, "మరి ఈ రోలు ఆ మూడింట్లో ఏ రకమే?" అని అడిగాను.

పిల్ల కళ్ళు తెరిచింది. రోటికేసి చూసింది, నాకేసి చూసింది. "అది సిలబస్‌లో లేదమ్మా" అంది.

నవ్వొచ్చింది. ఆ వెనకాలే కాస్త సిగ్గూ వేసింది. ఎందుకంటే జవాబు నాకూ తెలియదు. డిగ్రీ చదివాను, నాలుగు కథలు అచ్చువేయించుకున్నాను, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే రోట్లో నూరుతున్నాను. అది దేనితో తయారైందో ఒక్కనాడూ అనుకోలేదు. రాయే కదా!

మా పాత అద్దె ఇంట్లో వంటగట్టుకి నల్లటి కడప బండ ఉండేది. ఓ ఎండాకాలం నిమ్మకాయ ఊరగాయ పెడుతూ కోసిన చెక్కలు దానిమీదే వదిలేశాను. సాయంత్రానికి నునుపు పోయి తెల్లటి మచ్చలు. ఎంత రుద్దినా పోలేదు. ఇల్లుగలావిడ అద్దె అడిగినప్పుడల్లా ఆ మచ్చల ప్రసక్తి తెచ్చేది. ఇప్పుడున్న ఇంట్లో గ్రానైట్ గట్టు. దీనిమీద పులుసు ఒలికినా, నిమ్మరసం పడినా చెక్కుచెదరదు. మనందరికీ ఇది అనుభవమే కదా? కాని ఎందుకలా అని ఎప్పుడైనా అనుకున్నామా?

అడగడానికి మా కాలనీలో ఒక మనిషి దొరికాడు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసి రిటైరైన పెద్దాయన. పిల్లలంతా ఆయన్ని "రాళ్ళ తాతగారు" అంటారు. సర్వీసంతా కొండలూ గుట్టలూ తిరిగిన మనిషి, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో వరండాలో పేపరు చదువుకుంటూ ఉంటాడు. నా రోలు ప్రశ్న వినగానే పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నీ రోలు అగ్నిశిలమ్మా. గ్రానైటు. ఈ ఊళ్ళో నీ కాళ్ళకింద ఉన్నదే. కడప బండ అవక్షేప శిల. సున్నపురాయి. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి అలా అయింది. సున్నానికి పులుపు తగిలితే ఊరుకుంటుందా? నువ్వు నిమ్మకాయతో చేసిన పనే మేం ఫీల్డులో యాసిడ్ చుక్కతో చేసేవాళ్ళం. చిన్నగా బుస్సుమని పొంగితే సున్నపురాయని రాసుకునేవాళ్ళం" అన్నాడు.

అంటే ఆ ఇంట్లో నేను సముద్రగర్భం మీద కూరలు తరిగానన్నమాట. షాబాద్ బండలు, తాండూరు బండలు, బేతంచెర్ల బండలు కూడా ఆ జాతివేనట. మన పిల్లలు దోగాడిన నేలలన్నీ ఒకప్పటి నీటి అడుగులే. పలకమీద దిద్దిన బలపం మెత్తటి సబ్బురాయి. అందులోని ఖనిజమే మనం ముఖానికి అద్దుకునే టాల్కం పౌడరు. ఇంకో సంగతి చెప్పి నవ్వాడు. మనం ముచ్చటపడి వేయించుకునే బ్లాక్ గ్రానైట్‌లో చాలామటుకు అసలు గ్రానైటే కాదట! అది వేరే నల్లరాయి. బజార్లో ఆ పేరుతో అమ్ముతారు, మనం ఆ పేరుతో కొంటాం.

"ఇవన్నీ పిల్లలకి చెప్పకూడదూ?" అన్నాను.

"వరండాలో కూర్చుని చెబితే అదీ బట్టీయే అవుతుంది. రాయి ఉన్నచోటికి తీసుకెళ్ళాలి" అన్నాడాయన.

రాయి ఉన్నచోటు కోసం మేం ఎక్కడికో పోనక్కర్లేదు. మాది గుండ్లపోచంపల్లి. పేరులోనే గుండ్లున్నాయి. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్ళే రైల్లో వస్తుంటే ఒకప్పుడు కిటికీలోంచి కనిపించేవన్నీ అవే. ఒకదానిమీద ఒకటి ఎవరో తీరిగ్గా పేర్చినట్టు, ఒక వేలితో తోస్తే దొర్లిపోతాయేమో అన్నట్టు. మేం ఇక్కడ ఇల్లు కట్టుకున్న కొత్తలో మా డాబామీద బట్టలారేస్తుంటే ఉత్తరం వైపు ఏనుగు కూర్చున్నట్టు ఓ గుట్ట కనిపించేది. ఇప్పుడక్కడ అయిదంతస్తుల అపార్టుమెంటు ఉంది. దానికి పేరు ఏదో హిల్స్ అని పెట్టారు!

మొదట మా అమ్మాయి చదివే బడికే వెళ్ళి అడిగాం. పోర్షన్ పూర్తికాలేదన్నారు. బస్సు కుదరదన్నారు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. కాని అదే బడి అంతకు నెల ముందే పిల్లల్ని మూడు బస్సుల్లో వాటర్ పార్కుకి తీసుకెళ్ళింది. నేను నోరు తెరవబోతే తాతగారు కళ్ళతోనే వారించారు.

సరే, కాలనీ పిల్లల్నే పోగు చేద్దామనుకున్నాం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులవాళ్ళు. తాతగారు ఒక్క షరతు పెట్టారు. సర్కారు బడి పిల్లలు కూడా ఉండాలి అని. అక్కడి పెద్ద టీచరమ్మ ఒక్క మాటకే ఒప్పుకుని, ఆరుగురిని తనే తీసుకొస్తానంది. ఈ సంగతి తెలిశాక మా వీధిలో ఇద్దరు తల్లులకి హఠాత్తుగా ఆ ఆదివారం చుట్టాలొచ్చే పని పడింది. ఇంకొకావిడ, "అబ్బాయిని పంపిస్తాగాని అమ్మాయి ఎందుకండీ ఎండలో, నల్లబడిపోతుంది" అంది. పాములుంటాయేమోనని ఒకరు, "రాళ్ళల్లో చూసేదేముంది?" అని మావారు. చివరికి తేలినవాళ్ళు పదహారుమంది. వాళ్ళలో ఆడపిల్లలు ఏడుగురు.

కండ్లకోయ దగ్గర అటవీశాఖ వారి పార్కు ఉంది. ఔటర్ రింగ్ రోడ్డుకి పక్కనే. టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళగానే మనకి కనిపించేవి చెట్లూ, నడకదారులూ, జారుడుబల్లలూ. తాతగారికి మాత్రం బండ కనిపించింది. నేలకి అతుక్కుని, మా హాలంత వెడల్పున పరుచుకున్న బూడిదరంగు బండ. పక్కన ఒకటి రెండు గుండ్లు. "ఇక్కడ కూర్చోండర్రా. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. చూడాలి, తాకాలి, అంతే" అన్నారు.

పది నిమిషాలు పిల్లలు ఊరుకోవడం నేనదే చూడ్డం. మొదటి రెండు నిమిషాలూ గిల్లుకున్నారు. తరవాత ఒకడు మొహం బండకి ఆనించి చూడ్డం మొదలెట్టాడు. ఇంకొకతె మెరిసే చుక్కల్ని గోటితో గీరింది.

"ఎన్ని రంగులు కనిపించాయి?" అని తాతగారు అడిగితే కొందరు రెండన్నారు, కొందరు నాలుగన్నారు. చివరికి మూడు తేలాయి. గాజుముక్కలా ఉన్నది క్వార్ట్జ్, స్ఫటికం. లేత గులాబీ, బూడిదరంగుల్లో నున్నటి ముఖాలతో ఉన్నది ఫెల్డ్‌స్పార్. నల్లగా, గోటితో పొరలూడేది అభ్రకం. భూతద్దం చేతులు మారుతూ పోయింది. వాళ్ళందరి ఇళ్ళలో పునాది రాయీ, గట్టురాయీ, రోలూ ఈ మూడింటి ముద్దే అంటే నమ్మలేక, ఓ పిల్లాడు పార్కు గోడ దగ్గరికి పరుగెత్తి రాయి చూసి వచ్చి, "ఉన్నాయి! మూడూ ఉన్నాయి!" అని అరిచాడు.

ఆ పలుకులు అంత పెద్దవిగా ఎందుకున్నాయన్నది తరవాతి ప్రశ్న. దీనికి జవాబు నాకే తట్టింది, చెప్పాక గర్వంగా కూడా అనిపించింది. పంచదార పాకం గబగబా చల్లారితే పొడి పొడిగా అవుతుంది. కదపకుండా రోజుల తరబడి నెమ్మదిగా వదిలేస్తే కలకండ పలుకులు కడుతుంది. ఈ బండ కూడా భూమిలోపల కిలోమీటర్ల లోతులో, కరిగిన ముద్దగా ఉన్నప్పుడు, చాలా చాలా నెమ్మదిగా చల్లారిందట. అందుకే పెద్ద పలుకులు.

"ఎప్పుడు తాతగారూ?"

"సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట."

పిల్లలు "అమ్మో" అన్నారుగాని, వాళ్ళకి కోటికీ వంద కోట్లకీ తేడా ఏముంది? సినిమా కలెక్షన్ల లెక్కే. దీనికోసం తాతగారు నాచేత ముందే ఒక సరంజామా తెప్పించారు. బట్టలారేసుకునే నైలాను తాడు 25 మీటర్లు, ఓ గుప్పెడు క్లిప్పులు. తాడు ఒక కొసన ఈ బండ పుట్టుక. రెండో కొసన ఇవాళ. మీటరుకి 10 కోట్ల ఏళ్ళు. భూమి పుట్టిన నాటికి చేరాలంటే ఇంకో 20 మీటర్ల పైచిలుకు తాడు కావాలట, అది మా దగ్గర లేదు. బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలంతా చూసిన రాక్షసబల్లి అస్థిపంజరం ఉంది కదా, కోటాసారస్, పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టింది. అది బతికిన కాలానికి క్లిప్పు పెట్టమంటే అందరూ తాడు సగానికి పరుగెత్తారు. కాదు, ఈ కొసనుంచి రెండు మీటర్లలోపే! రాక్షసబల్లులు అంతరించింది సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట. అంటే ఇవాళ్టికి 65 సెంటీమీటర్ల దూరం. మనకి పడమట, వికారాబాద్ అవతల ఉన్న నల్లరాళ్ళూ నల్లరేగడీ అన్నీ దాదాపు ఆ రోజుల్లో పొంగి పరుచుకున్న లావా చలవేనట.

"మరి మనుషులు?" అంది మా అమ్మాయి.

తాతగారు తాడు చివర చూపించారు. మూడు లక్షల ఏళ్ళకి మూడు మిల్లీమీటర్లు. క్లిప్పు పెట్టడానికే చోటు లేదు. మంటపెట్టి కరిగించిన తాడు కొస ఉంటుందే, ఆ ఉండ. అందులోనే మన తాతముత్తాతలూ, రాజులూ, రామాయణ భారతాలూ, గుండ్లపోచంపల్లీ, రేపటి పరీక్షా. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ ఉండని వేలితో తాకి వెళ్ళారు. నేనూ తాకాను.

గుండ్లు ఒకదానిమీద ఒకటి ఎలా ఎక్కాయంటే పిల్లల దగ్గర బోలెడు జవాబులున్నాయి. భీముడు గోలీలాడాడని ఒకరు, వరదకి కొట్టుకొచ్చాయని ఒకరు, జేసీబీతో పెట్టారని ఒకరు. తాతగారు ఎవరినీ వెక్కిరించలేదు. పైనున్న బరువంతా యుగాల తరబడి అరిగిపోయి, లోపలున్న బండ మీద ఒత్తిడి తగ్గి, నిలువూ అడ్డమూ నెరియలు విచ్చింది. పళ్ళెంలో మైసూర్‌పాక్ కోసినట్టు. ఆ నెరియల్లోకి నీరు దిగింది. సబ్బుబిళ్ళ మూలలు ముందు అరిగినట్టే ముక్కల మూలలు కుళ్ళి మొరమయ్యాయి. మొరం వానలకి కొట్టుకుపోయి, మధ్య మిగిలిన గుండ్రటి గట్టిముక్కలే ఈ గుండ్లు. ఎవరూ తెచ్చి పెట్టలేదు, పుట్టినచోటే ఉన్నాయి. మన సందుల్లో రోడ్లకి పోసే మొరం సగం దారిలో ఉన్న గ్రానైటు. ఇంకాస్త మెత్తనైతే ఎర్రచెలక. అందులో పండిన జొన్నే మనం తిన్నది.

ఇంతలో ఆయన చేతికర్రతో గుండుమీద తట్టి, పరీక్షగా, "దీన్ని రెండు చెక్కలు చేయాలంటే ఎటునుంచి కొట్టాలో ఎవరైనా చెప్పగలరా?" అన్నారు. మా కాలనీ పిల్లలు తలో దిక్కూ చూపించారు. నడినెత్తిన కొట్టాలని మా అమ్మాయి తీర్పు.

"గట్ల కొడ్తె పలగది సార్."

అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని పిల్ల. సర్కారు బడి నుంచి వచ్చిన ఆరుగురిలో ఒకతె. వెనకెక్కడో నిలబడి ఉంది. అందరూ తిరిగి చూసేసరికి తల దించేసుకుంది.

"ఇటు రా తల్లీ. ఎట్లా కొట్టాలో చూపించు" అన్నారు తాతగారు.

వచ్చింది. అరచేత్తో గుండుని నిమిరింది, గొడ్డుని నిమిరినట్టు. రెండు చోట్ల వేలిముడుపుతో కొట్టి చెవి పెట్టి విన్నది. "గీ తిర్గ గీతలెక్క పోతున్నది సూడు సార్. గీడ వరసకు బొక్కలు గొట్టి, ఇనుప మేకులు దింపి, మెల్లగ ఒక్కోదాన్ని ఒక్కో దెబ్బ కొట్టుకుంట పోవాలె. సప్పుడు మారుతది. గప్పుడు ఆగాలె. గంతే, దానంతట అదే ఇచ్చుకుంటది. మా అమ్మ కొడ్తది" అంది.

తాతగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గ్రానైటులోని పలుకులన్నీ కొంచెం కొంచెంగా ఒకే దిక్కుకి సర్దుకుని ఉంటాయట. ఆ దిక్కున రాయి సులువుగా చీలుతుంది, అడ్డంగా మొండికేస్తుంది. కంటికి సరిగా ఆనదు. "నేను కాలేజీలో చదివినా దీన్ని పట్టుకోవడం చేతకాక మొదటి రెండేళ్ళూ మా ఆఫీసరు దగ్గర చీవాట్లు తిన్నానమ్మా" అన్నారు, ఆ పిల్లతో, పెద్దవాళ్ళతో అన్నట్టే.

వాళ్ళమ్మ ఊరి చివర కడీలు చెక్కుతుంది. తోటలకీ, ప్లాట్లకీ చుట్టూ పాతే రాతి కడీలు. మా ఇంటి వెనక పాతినవీ ఆమె చేతివే కావచ్చు. బడిలో ఈ పిల్లకి సోషల్‌లో పాసు మార్కులు రావని టీచరమ్మ తరవాత నాతో అంది. శిలలు మూడు రకములు అన్నది తప్పు లేకుండా అప్పజెప్పలేదట.

నాకు ఇంకో అవసరం ఉండి నీళ్ళ సంగతి అడిగాను. మా వీధిలో మాకు 300 అడుగుల్లో నీళ్ళు పడ్డాయి. గోడకవతల వాళ్ళు వెయ్యి అడుగులు వేయించినా దుమ్మే. అందుకని ఆవిడ పాపం మాతో కొన్నాళ్ళు ముభావంగా కూడా ఉంది, మేమేదో ఎత్తుకుపోయినట్టు. తాతగారు బండమీద నెరియ చూపించారు. గ్రానైటు ఇసుకలా నీటిని పీల్చుకోదు. పైనున్న మొరంపొరలోనూ, కింద నెరియల్లోనూ మాత్రమే నీరుంటుంది. బోరు నెరియకి తగిలితే గంగ, అంగుళం పక్కకి పోతే బండ. బాగా లోతుకి పోయేకొద్దీ నెరియలు తగ్గిపోతాయి కాబట్టి, ఇంకో రెండొందల అడుగులు వేద్దాం అన్న ఆశ చాలాసార్లు అప్పులపాలు చేస్తుంది. వానలో పారిపోయే నీటిని ఆ మొరంపొరలోకి ఇంకించుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది. ట్యాంకరు కోసం తెల్లవారుజామున బిందెలు వరసలో పెట్టే మనకంటే ఈ పాఠం ఎవరికి కావాలి చెప్పండి?

ఇంటికొచ్చాక, అమ్మాయి నల్లబడుతుందన్నావిడ మళ్ళీ పట్టుకుంది. "ఆడపిల్లలకి ఈ రాళ్ళ చదువు ఎందుకండీ?" అని. అప్పుడు నాకూ తెలియదుగాని, ఆ ప్రశ్న పుణ్యాన కొంచెం చదివాను. ఇంగ్లండులో లైమ్ రీజిస్ అనే సముద్రతీరపు ఊళ్ళో మేరీ ఆనింగ్ అని ఓ పేదపిల్ల. తండ్రి వడ్రంగి. 1811-12లో, సరిగ్గా మన పిల్లల వయసులో, అన్నతో కలిసి ఒక వింతజంతువు శిలాజం వెలికి తీసింది, ఇక్తియోసార్. పెద్ద పెద్ద పండితులు ఆమె తవ్వినవి కొనుక్కెళ్ళి పేరు తెచ్చుకున్నారు. లండన్ జియలాజికల్ సొసైటీ ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకున్నది 1919లో. అప్పటికి ఆమె పోయి 70 ఏళ్ళు దాటింది. మన దేశంలో సుదీప్తా సేన్‌గుప్తా, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన శాస్త్రవేత్త, 1983లో అంటార్కిటికాకి బయల్దేరిన బృందంలో వెళ్ళింది. ఆమె, అదితీ పంత్, భారత బృందంతో వెళ్ళి అక్కడ అడుగుపెట్టిన మొదటి మహిళలు. భూగర్భ గనుల్లోకి ఆడవాళ్ళు దిగకూడదన్న నిబంధన మాత్రం మనకి 2019 దాకా ఉండింది. ఆ తరవాతే సాంకేతిక ఉద్యోగాల్లోనైనా దిగనిచ్చారు. ఇవన్నీ చెబితే ఆవిడ, "అంత దూరం ఎవరు పంపిస్తారండీ" అంది. కాని రెండోసారి పిల్లని పంపించింది. టోపీ పెట్టి.

హైదరాబాదులో ఈ పని మాకంటే ముందు మొదలుపెట్టినవాళ్ళున్నారు. 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అని ఒక సంఘం పెట్టి, రాళ్ళ మధ్యకి జనాన్ని, పిల్లల్ని నడిపిస్తూ వచ్చారు. చరిత్రకారుడు నరేంద్ర లూథర్ చాలాకాలం దాన్ని నడిపించారు, 2021లో కన్నుమూశారు. జర్మనీలో పుట్టి ఇక్కడి కోడలైన ఫ్రాకే క్వాడర్ ఈ గుండ్ల కోసం దశాబ్దాలపాటు తిరిగింది. ఎక్కడో పుట్టిన ఆవిడకి మన రాళ్ళు వింతగా కనిపించాయి, మనకి అడ్డంగా కనిపించాయి! ఊళ్ళో ఉన్నవాళ్ళయితే జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి పార్కుకి వెళ్ళండి. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించడం వల్ల దాని బండలు దానికి మిగిలాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు బండ సరేసరి.

వేరే ఊళ్ళవాళ్ళు మాకేవీ అనుకోకండి. తిరుమల ఘాట్ రోడ్డులో వాంతులవుతాయని కళ్ళు మూసుకుంటాం కదా, ఈసారి ఓ నిమిషం తెరిచి ఉంచండి. అడుగున గ్రానైటు, దానిమీద పలకలు పేర్చినట్టు క్వార్ట్‌జైటు. రెండూ కలిసే ఆ ఒక్క గీత దగ్గర సుమారు 80 కోట్ల ఏళ్ళ చరిత్ర చెరిగిపోయింది. దేశదేశాల భూశాస్త్రవేత్తలకి ఆ గీత తెలుసు. గోవింద కొట్టి వచ్చే మనకి తెలియదు. పైన శిలాతోరణం, విశాఖ - భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, బెలుం గుహలు, ఎవరి దగ్గర ఏముంటే అదే బడి. పెద్ద సరంజామా అక్కర్లేదు. భూతద్దం, నీళ్ళసీసా, టోపీ, నిమ్మచెక్క, ఒక మేకు. గోటితో గీత పడితే మెత్తటి రాయి, మేకుతో పడితే నడితరం, మేకునే అరగదీస్తే స్ఫటికం లాంటి గట్టిది. రాళ్ళకి ఒకటి నుంచి పది దాకా గట్టిదనపు మెట్లు కట్టిన మోస్ అనే ఆయన 1812లో చేసింది ఇంచుమించు ఇదే పని. పార్కులో మాత్రం ఏదీ పగలగొట్టకూడదు, ఏదీ తేకూడదు. గీకి చూడాలనుకుంటే రోడ్డుపక్క కంకరకుప్ప ఉండనే ఉంది.

రెండోసారి వెళ్ళింది సంక్రాంతి సెలవుల తరవాత. దారిలో ఒకచోట మూడు గుండ్ల వరస ఉంటుంది. క్రితంసారి పిల్లలు దానికి "అమ్మా, అక్కా, పాపా" అని పేరు పెట్టారు. దూరం నుంచే కంప్రెసర్ మోత వినిపించింది. అమ్మకి అప్పటికే నడుము దాకా బొక్కలు కొట్టారు. అక్క లేదు. తెల్లటి రాతిపొడి చెట్ల ఆకులమీద పిండిలా పడి ఉంది. పిల్లలు ఆటోలోంచి దిగి నిలబడిపోయారు. ఒకడు, "ఆపమని చెప్పండి తాతగారూ" అన్నాడు.

అది ఎవరిదో పట్టా భూమి. మనం ఎవరం ఆపడానికి? పైగా నా ఇంటి పునాదిలో ఇలాంటి అక్కలూ అమ్మలూ ఎంతమంది ఉన్నారో! తాతగారు ఏమీ అనకుండా వాళ్ళ మేస్త్రీతో మాట్లాడి, పని ఆగిన టీ వేళలో పిల్లల్ని దగ్గరికి తీసుకెళ్ళారు. కొత్తగా విచ్చిన ముఖం. ఎండా వానా ఎన్నడూ తగలని గులాబీ రంగు. 250 కోట్ల ఏళ్ళుగా ఎవరూ చూడనిది ముందు మా పదహారుమందీ చూశారు. ఫెల్డ్‌స్పార్ పలుకులు ఉప్పు మెరిసినట్టు మెరిశాయి. ఎవరూ అరవలేదు.

అక్కడే కంకర తట్టలు మోస్తున్న ఆడవాళ్ళలో ఆ పిల్ల తల్లి ఉంది. కడీల పని లేనప్పుడు ఇలా వస్తుందట. కూతుర్ని చూసి కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, తాతగారితో, "ఏం సార్, మా పోరి మంచిగ జెప్తున్నదా?" అంది.

"నాకే చెబుతోందమ్మా" అన్నారాయన.

ఆమె నవ్వి, విరిగిన ముఖాన్ని అరచేత్తో ఒకసారి తడిమింది. "గీ రాయి ఎన్నేండ్లదన్నరు సార్? పొద్దుగాల్నుంచి ఇదేందో కోట్లు కోట్లు అంటున్నది."

"రెండొందల యాభై కోట్ల ఏళ్ళది."

ఆమె కాసేపు లెక్కపెట్టుకున్నట్టు నిలబడింది.

"గందుకే దిగుతలేదు సమ్మెట" అని, తట్ట తలకెత్తుకుని వెళ్ళిపోయింది.